మెట్లు మిగిలాయి, చేతులు పోయాయి: ఇన్కాల సాగు చుట్టూ ఉన్న వాదనలు

పెరూ దేశంలో కుస్కో నగరానికి వాయవ్యంగా, మరాస్ అనే ఊరి దగ్గర, నేలలోకి దిగబడిన పెద్ద గిన్నెలాంటి పల్లం ఉంది. పేరు మోరాయ్. అంచు నుంచి అడుగు దాకా వలయాలు వలయాలుగా రాతి గట్లు, గట్టుకూ గట్టుకూ మధ్య మడులు. దీని ఫొటో ఫోన్లలో తరచూ చక్కర్లు కొడుతుంది. దాని కింద రాసే మాట కూడా దాదాపు ఒకటే: ఇది ఇన్కాల వ్యవసాయ పరిశోధన కేంద్రం, పై మెట్టుకూ అడుగు మెట్టుకూ మధ్య ఉష్ణోగ్రతలో 15 డిగ్రీల తేడా, ఒక్కో మెట్టు మీద ఒక్కో వాతావరణం.

ఇందులో కొంత కొలత ఉంది, కొంత ఊహ ఉంది. మెట్టు మెట్టుకూ మట్టి వేడి మారుతుందన్న మాట నిజమే; జాన్ ఎర్ల్స్ అనే మానవశాస్త్రవేత్త 1970ల నుంచి ఆ తేడాలను పట్టించుకుని, ఇక్కడ పంటలను వేర్వేరు పరిస్థితులకు అలవాటు చేసి ఉంటారని వాదించాడు. పరిశోధన కేంద్రం అనే పేరు అక్కడి నుంచి వచ్చిందే. ఎదుటి పక్షం అడిగే ప్రశ్న కూడా సూటిగానే ఉంటుంది. ఆండీస్ కొండలను ఏలిన ఇన్కాలకు లిపి లేదు. ముడులు వేసిన తాళ్లతో, అంటే కీపులతో, లెక్కలు దాచుకున్నారు. అక్కడ ప్రయోగాలు జరిగాయని చెప్పే రాత గానీ, స్పెయిన్ చరిత్రకారుల సాక్ష్యం గానీ లేనప్పుడు, అది పూజాస్థలమో రాచ పొలమో ఎందుకు కాకూడదు? ఈ తగువు తేలలేదు. 3,500 మీటర్ల ఎత్తులో, ఎండ పడే వైపు, నీడ పడే వైపు, గాలి తగలని అడుగు భాగం అన్నీ ఉన్న ఏ గుంటలోనైనా వేడి చోటుచోటుకూ మారుతుంది. వేడి తేడా ఉందని రుజువైతే ప్రయోగశాల ఉందని రుజువైనట్టు కాదు.

మోరాయ్ గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ప్రాచీన అమెరికా సాగు గురించి తిరిగే మాటల్లో చాలావాటి తంతు ఇదే. కంటికి కనిపించే కట్టడం అసలైనది. దానికి తగిలించిన కథ ఎవరో ఒకరి ఊహ. ఆ రెంటినీ విడదీసి చూస్తే అసలు సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. (తెలుగులో చాలామంది 'ఇంకా సామ్రాజ్యం' అని రాస్తారు. ఇప్పుడే వాడిన 'ఇంకా'తో తికమక వద్దని ఇక్కడ 'ఇన్కా' అనే రాస్తున్నాను.)

ఎవరు ఎక్కడి వాళ్లు, ఎప్పటి వాళ్లు

మాయా, ఆజ్టెక్, ఇన్కా అని ఒకే ఊపిరిలో చెప్పేస్తాం గానీ, వీళ్లు ఒకచోటి వాళ్లు కారు, ఒకే కాలం వాళ్లూ కారు. మాయా నగరాలు నేటి గ్వాటెమాలా, బెలీజ్, దక్షిణ మెక్సికో అడవుల్లో క్రీ.శ. 250 నుంచి 900 దాకా వెలిగాయి. ఆజ్టెక్‌లు 14వ శతాబ్దంలో మెక్సికో లోయలోని సరస్సులో తెనోచ్‌తిత్లాన్ నగరం కట్టుకున్నారు. 1521లో అది స్పెయిన్ వశమైంది. ఇన్కాలు అక్కడికి వేల కిలోమీటర్ల దక్షిణాన, ఆండీస్ కొండల్లో. 15వ శతాబ్దం నడుమ పచాకుతి అనే రాజు కాలంలో వాళ్ల రాజ్యం పెరగడం మొదలైంది. 1532లో కహమార్కాలో రాజు అతవాల్పా పట్టుబడడంతో కూలడం మొదలైంది. సామ్రాజ్యంగా వాళ్ల ఆయుష్షు సుమారు నూరేళ్లు.

నూరేళ్లలో కొండలన్నీ మెట్లుగా చెక్కడం సాధ్యమేనా? కాదు. ఆండీస్‌లోని మెట్ల పొలాల్లో చాలా భాగం ఇన్కాల కంటే ముందువి, క్రీ.శ. 600 నుంచి 1000 దాకా ఉన్న వారీ రాజ్యం నాటివీ, అంతకు ముందు ఊళ్లవాళ్లు కట్టుకున్నవీ వాటిలో ఉన్నాయి. టిటికాకా సరస్సు చుట్టూ ఉన్న ఎత్తు మడులు మరీ పాతవి. ఇన్కాలు కనిపెట్టింది తక్కువ, కూడగట్టింది ఎక్కువ. ఉన్న పద్ధతులను ఒక రాజ్యం చేతికి తెచ్చి, లెక్క కట్టి, ఎన్నడూ లేనంత పెద్ద ఎత్తున కట్టించారు.

వీళ్లందరికీ సమానంగా ఉన్నది ఒక లోటు. దున్నడానికి ఎద్దు లేదు, నాగలి లేదు, ఇనుప కర్రు లేదు, బండి లేదు. ఆండీస్‌లో లామా అనే జంతువు బరువులు మోసేది కానీ, 25, 30 కిలోలు దాటితే కష్టం. దుక్కికి వాడింది చాకి తాక్యా అనే కాలి గడ్డపార. పొడవాటి కర్ర, కాలు పెట్టి నొక్కడానికి ఒక మెట్టు, చివర మొన. మగవాళ్లు వరుసగా నిలబడి పెళ్లగిస్తూ వెనక్కి నడిస్తే, ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లు పెళ్లలు తిరగవేసేవాళ్లు. 1615 ప్రాంతంలో గ్వామన్ పోమా అనే స్థానిక రచయిత గీసిన బొమ్మల్లో ఈ దృశ్యం ఉంది. కొన్ని ఊళ్లలో ఈ పనిముట్టు ఇప్పటికీ వాడుకలో ఉంది. ఈ వ్యాసంలో వచ్చే ప్రతి పద్ధతినీ మనిషి చేతుల బలంతో లెక్క కట్టి చూడాల్సిందే. ఫొటోలో పడనిది అదే.

నిలువుగా పరుచుకున్న కమతం

ఆండీస్‌లో ఒక పగటి నడకలో మూడు నాలుగు వాతావరణాలు దాటవచ్చు. తూర్పు వాలు కింద వేడి లోయల్లో కోకా ఆకు, మిరప. సుమారు 3,500 మీటర్ల దాకా మొక్కజొన్న. ఆ పైన 4,000 మీటర్ల దాకా బంగాళాదుంప, ఓకా వంటి దుంపలు, కినోవా. ఇంకా పైన చెట్టు మొలవని గడ్డి మైదానం. అక్కడ లామాలు, అల్పాకాల మందలు. ఒకే బంధువర్గానికి (దాన్ని అయ్యు అంటారు) ఈ అంతస్తులన్నింటిలోనూ తలా కొంత భూమి ఉండేదనీ, సంతల మీద ఆధారపడకుండా తమ సరుకు తామే తెచ్చుకునేవారనీ జాన్ ముర్రా అనే పండితుడు 1972లో వాదించాడు. 'నిలువు ద్వీపసమూహం' అని పేరు పెట్టాడు. తరువాత వచ్చినవాళ్లు దీన్ని కొంత సవరించారు. నేటి ఈక్వెడార్ ప్రాంతంలో వృత్తి వర్తకులు ఉండేవారు, తీరంలోనూ ఇచ్చిపుచ్చుకోవడాలు జోరుగా సాగేవి. కాబట్టి ముర్రా చెప్పింది ఆండీస్ మొత్తానికి సూత్రం కాదు, కొన్ని ప్రాంతాలకు బాగా సరిపోయే వివరణ.

ఒకే అంతస్తులో కూడా ఒక కుటుంబం భూమి ముక్కలు ముక్కలుగా చెదిరి ఉండేది. మన వ్యవసాయ శాఖ ఉద్యోగి ఎవరైనా చూస్తే తల పట్టుకుంటాడు. అయినా దీనికో తర్కం ఉంది, అంకెలతో చూద్దాం. ఇవి నేను ఊహించి వేసుకున్న అంకెలు. భూమి అంతా ఒకచోట ఉన్న కుటుంబానికి నాలుగేళ్లు 20 బస్తాల చొప్పున పండి, అయిదో ఏట మంచు కొట్టి ఏమీ రాలేదు. సగటు 16. ఎనిమిది చోట్ల ముక్కలున్న కుటుంబానికి నడకలో పొద్దు గడిచిపోయి, ఏటా 14 బస్తాలే వచ్చాయి. కానీ మంచు పల్లపు ముక్కలను, వడగళ్లు ఒక వాలును దెబ్బ తీసినా మిగతావి నిలిచాయి. కుటుంబం బతకడానికి 12 బస్తాలు కావాలి. సగటులో గెలిచింది మొదటి కుటుంబం. అయిదో ఏట అన్నం తిన్నది రెండో కుటుంబం.

మొదటి కుటుంబం మిగులును దాచుకోవచ్చు కదా అంటారా? ఆండీస్ వాళ్లు అదీ చేశారు. గడ్డకట్టే రాత్రుల్లో బంగాళాదుంపలను ఆరుబయట పరిచి, పగలు కరిగాక కాళ్లతో తొక్కి నీరు పిండి, మళ్లీ ఎండబెడితే తేలికైన, ఏళ్ల తరబడి చెడని చునో తయారవుతుంది. పంటను చంపే చలితోనే పంటను నిలవ చేయడం.

రాతి గట్టు వెనక పది సెంట్లు

మెట్ల పొలం అంటే కొండను మెట్లుగా కోయడం అనుకుంటాం. బాగా కట్టిన ఇన్కా మెట్టును తవ్వి చూస్తే కనిపించేది వేరు. ముందు లోపలికి కొద్దిగా వాలిన రాతి గోడ. దాని వెనక అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, ఆపైన ఇసుక కలిసిన మట్టి, అన్నిటికన్నా పైన సారవంతమైన మట్టి. వాన నీరు పై మట్టిని తడిపి, మిగులు కంకరలోంచి దిగిపోతుంది. గోడ వెనక నీరు నిలిచి తోసేయదు. పగలు ఎండకు కాగిన రాయి రాత్రి వేడిని వదులుతుంది. ఏటికి దాదాపు 2,000 మిల్లీమీటర్ల వాన పడే మచు పిచ్చు జారిపోకుండా నిలబడిందంటే ఈ కంకర పొర పుణ్యమే. అక్కడ మెట్లు ప్రధానంగా కొండను పట్టి ఉంచడానికి కట్టినవనీ, ఆ విస్తీర్ణంలో పండేది అక్కడి జనానికి సరిపోదనీ ఇంజినీర్ కెనెత్ రైట్ బృందం లెక్క తేల్చింది. కాబట్టి ప్రతి మెట్టునూ పంట కోసమే అనుకోవడం కూడా పొరపాటే.

ఇప్పుడు చేతుల లెక్క. రెండు మీటర్ల గోడ, దాని వెనక నాలుగు మీటర్ల వెడల్పు మడి, వంద మీటర్ల పొడవు అనుకుందాం. విస్తీర్ణం 400 చదరపు మీటర్లు, మన కొలతలో సుమారు పది సెంట్లు. గోడకూ వాలుకూ మధ్య నింపాల్సిన త్రిభుజం కోత నాలుగు చదరపు మీటర్లు. వంద మీటర్లకు 400 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు ఒకటిన్నర టన్నులు వేసుకున్నా 600 టన్నుల రాయి, మట్టి. మనిషి ఒక్క మోతకు 30 కిలోలు తెస్తే 20,000 మోతలు. రోజుకు 50 మోతలు వేస్తే ఒక మనిషికి 400 రోజులు. గోడ కట్టడం, నీటి కాలువ తేవడం ఇందులో లేవు. పై వాలును కొంత తవ్వి కిందికి లాగితే పని తగ్గుతుంది. రాయి దూరం నుంచి రావాలంటే పెరుగుతుంది. ఎటు చూసినా, పది సెంట్ల భూమికి ఏడాది మనిషి శ్రమ.

ఆ చేతులు ఎవరివి

ఈ ప్రశ్న దగ్గరే పండితులు రెండుగా చీలతారు. ఊరి స్థాయిలో ఐని అనే ఏర్పాటు ఉండేది: ఈ రోజు మీ పొలానికి మేము, రేపు మా పొలానికి మీరు. మన పల్లెల్లో నాట్లకూ కోతలకూ ఒకరికొకరు పనికి వెళ్లినట్టే. దాని మీద రాజ్యం వేసిన పన్ను పేరు 'మిత'. ధాన్యంగా కాదు, పని దినాలుగా చెల్లించే పన్ను. భూమిని సూర్యదేవుడికీ, రాజుకీ, ఊరికీ అని భాగాలు చేసేవారు. మొదటి రెండు భాగాల్లో జనం వంతులవారీగా పని చేసేవారు. ఆ పంట కొండవాలుల మీద వరుసలుగా కట్టిన కోల్కా గాదెలకు చేరేది. నేటి బొలీవియాలోని కోచబాంబా లోయలో మొక్కజొన్న కోసం రాజు హువాయ్నా కాపాక్ 14,000 మందిని తరలించాడని వలసకాలపు పత్రాలు చెబుతాయి. ఆ లోయలోని కోతపాచిలో దాదాపు 2,400 గాదెల పునాదులు దొరికాయి.

ఒక పక్షం దీన్ని సంక్షేమ రాజ్యంగా చూస్తుంది: కరువులో గాదెలు తెరిచేవారు, పనికి వచ్చినవాళ్లకు తిండి, మొక్కజొన్న కల్లు పెట్టేవారు, తిరిగి ఇవ్వడం రాజు బాధ్యతగా ఉండేది. మరో పక్షం 'వేల మందిని ఊళ్ల నుంచి లేపి ఇంకోచోట దించడం సంక్షేమమా?' అని అడుగుతుంది. ఆ మొక్కజొన్నలో ఎక్కువ భాగం సైన్యానికి వెళ్లిందని గుర్తు చేస్తుంది. వెట్టి అనే మాట బరువు తెలిసిన తెలంగాణ పాఠకుడికి ఈ రెండో ప్రశ్న త్వరగా అందుతుంది. నాకు తోచినంతలో, అడిగే హక్కు జనానికి ఎంత ఉండేదన్నది చూడాలి. తిండి పెట్టడం ఒక్కటే కొలత కాదు. ఒక్క మాట మాత్రం ఇరుపక్షాలూ ఒప్పుకుంటాయి. స్పెయిన్ వాళ్లు మిత పేరు అలాగే ఉంచి, పొతోసి వెండి గనులకు మనుషులను తోలినప్పుడు తిరిగి ఇవ్వడం అన్నది పూర్తిగా పోయింది.

టిటికాకా ఎత్తు మడులు: గెలిచిన ప్రయోగం, నిలవని ప్రయోగం

పెరూ, బొలీవియా సరిహద్దులో, సముద్రమట్టానికి 3,800 మీటర్ల ఎత్తున ఉన్న టిటికాకా సరస్సు చుట్టూ, పైనుంచి చూస్తే దువ్వెనతో గీసినట్టు గీతలు కనిపిస్తాయి. 1960లలో పరిశోధకులు గుర్తించిన విస్తీర్ణమే 82,000 హెక్టార్లు, అంటే రెండు లక్షల ఎకరాల పైచిలుకు. ఈ ఎత్తు మడుల పేరు అక్కడి కెచువా భాషలో 'వారు వారు', ఐమారా భాషలో 'సుక కొల్యు'. రెండు పక్కలా కాలువలు తవ్వి, ఆ మట్టిని మధ్యలో పోసి మీటరు ఎత్తున, నాలుగు నుంచి పది మీటర్ల వెడల్పున మడి కట్టడం. మన రైతులు పసుపుకు వేసే బోదెలనే చాలా పెద్దవి చేసి ఊహించుకోవచ్చు.

దీని పనితనం చలి దగ్గర తెలుస్తుంది. పగలు ఎండకు కాలువ నీరు వేడెక్కుతుంది. నీరు వేడిని నెమ్మదిగా వదులుతుంది కాబట్టి రాత్రి మడి మీద గాలి పక్క మైదానం కంటే కాస్త వెచ్చగా ఉంటుంది. ఒకటి రెండు డిగ్రీలే తేడా. బంగాళాదుంప మొక్క నల్లబడిపోవడానికీ పచ్చగా నిలవడానికీ మధ్య ఉండేది కూడా ఒకటి రెండు డిగ్రీలే. వరదలో మడి మునగదు, కరువులో కాలువలో నీరుంటుంది, కాలువ అడుగున చేరిన పూడిక ఎరువవుతుంది.

1980ల మొదట్లో క్లార్క్ ఎరిక్సన్ అనే పురావస్తు శాస్త్రవేత్త పెరూ వైపు హువాట్టా ఊరి రైతులతో కలిసి పాత మడులను మళ్లీ కట్టించాడు. బంగాళాదుంప సగటున హెక్టారుకు 10 టన్నుల దాకా పండింది. ఆ ప్రాంతపు మామూలు దిగుబడి 1 నుంచి 4 టన్నులు. బొలీవియా వైపు ఆలన్ కోలాటా బృందానికీ మంచి ఫలితాలు వచ్చాయి. పత్రికలు రాశాయి, అభివృద్ధి సంస్థలు వచ్చాయి, ఊరూరా మడులు లేచాయి. పది పదిహేనేళ్లకు వాటిలో చాలావాటిని రైతులే వదిలేశారు.

ఎందుకు? విమర్శకులు చెప్పే కారణాల్లో మొదటిది లెక్కలోనే ఉంది. మడీ కాలువా సమాన వెడల్పున ఉంటే నేలలో సగమే పండుతుంది. మడి మీద హెక్టారుకు 10 టన్నులంటే, కాలువను కలిపితే 5. రెండోది బీడు. తరతరాలుగా దున్నని నేలలో మొదటి ఏళ్లు ఎవరికైనా బాగా పండుతుంది. మూడేళ్లు పండించి మూడేళ్లు వదిలేయాల్సి వస్తే ఆ 5 కాస్తా సగటున రెండున్నర అవుతుంది, అప్పుడు మామూలు పొలానికీ దీనికీ పెద్ద తేడా లేదు. (ఇవి ఉదాహరణ కోసం వేసిన నిష్పత్తులు; అసలు నిష్పత్తులు చోటును బట్టి మారతాయి.) మూడోది కూలి. సంస్థలు కూలి ఇచ్చినంత కాలం కట్టారు. అది ఆగాక, పట్నంలో పని దొరికే మనిషి బురద ఎత్తడానికి ఎందుకు వస్తాడు?

సమర్థించేవాళ్లు ఇందుకు బదులు చెబుతారు. మడులు పోవడానికి పద్ధతి కారణం కాదు, బలవంతంగా దించిన పథకాలు కారణం అంటారు. దిగుబడి కంటే మంచు కొట్టిన ఏడాది ఏం మిగిలిందో చూడమంటారు. పైన రెండు కుటుంబాల లెక్క చూసినవాళ్లకు ఈ రెండో మాట తేలికగా తీసేయదగింది కాదని తెలుస్తుంది.

వీళ్లలో వీళ్లకూ ఓ తగువు ఉంది. ఈ మడులను కట్టించింది సరస్సు దక్షిణాన ఉన్న తివనాకు రాజ్యమని కోలాటా, రాజ్యంతో పని లేకుండా ఊళ్లే తరతరాలుగా కట్టుకున్నాయని ఎరిక్సన్. క్రీ.శ. 1000 తరువాత వచ్చిన దీర్ఘ కరువు మడులనూ తివనాకునూ కలిపి కూల్చిందని కోలాటా వర్గం అంటే, రైతులను వాతావరణం చేతిలో కీలుబొమ్మలుగా చూడడం ఇది అని ఎరిక్సన్ అభ్యంతరం.

ఎప్పుడు నాటాలో చుక్కలు చెప్పాయా

పెరూ, బొలీవియా కొండల్లో రైతులు జూన్ చివర తెల్లవారుజామున కృత్తికలను చూస్తారు. మన పల్లెల్లో పిల్లలకోడి అనే చుక్కల గుంపు. చుక్కలు కాంతిగా, ఎక్కువ సంఖ్యలో కనిపిస్తే వాన సకాలంలో వస్తుంది. మసకగా ఉంటే బంగాళాదుంప నాటడం కొన్ని వారాలు వాయిదా. మూఢనమ్మకం అని కొట్టిపారేయవచ్చు. 2000లో ముగ్గురు శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి ప్రచురించారు: ఎల్ నినో ఏడాదుల్లో జూన్‌లో ఆకాశంలో చాలా ఎత్తున పలుచని మేఘపు పొర ఎక్కువగా ఉంటుంది, చుక్కలు మసకబారేది దాని వల్లే, అదే ఏడాది కొన్ని నెలల తరువాత అక్కడ వాన తగ్గుతుంది. మన కార్తెలు సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చెప్పే తేదీలు, ఏటా ఒకేలా వస్తాయి. వాళ్లది ఆ ఏటి ఆకాశాన్ని ఆ ఏడే చూసి చెప్పే మాట. అందుకే తప్పవచ్చు కూడా.

తేలని 'తేలే తోటలు'

మెక్సికో లోయకు వస్తే చినాంపాలు. వీటికి 'తేలే తోటలు' అనే పేరు అతుక్కుపోయింది గానీ అవి తేలవు. లోతు తక్కువ సరస్సులో గుంజలు పాతి, తడికె కట్టి, లోపల మొక్కల చెత్త, అడుగు బురద పొరలు పొరలుగా పోసి నీటి పైకి లేపిన సన్నని మడులు. అంచుల్లో అహువెహోతే అనే నిటారు చెట్లు నాటితే వాటి వేళ్లు గట్టును పట్టి ఉంచుతాయి. కాలువ బురదను పలుచగా పరిచి, చిన్న గళ్లుగా కోసి, గడికో గింజ పెట్టి నారు పెంచేవారు. మడిలో ఒక పంట కోతకు వచ్చేసరికి తరువాతి పంట నారు సిద్ధం. అందుకే ఏటికి అనేక పంటలు. ఈ మడులకు పెద్ద శత్రువు ఉప్పు. తెష్కోకో సరస్సు నీరు ఉప్పన. దాన్ని మంచినీటి వైపు రానీయకుండా 15వ శతాబ్దం మధ్యలో తెష్కోకో రాజు నెసవాల్‌కొయోత్ల్ పేరు మీద దాదాపు 16 కిలోమీటర్ల కట్ట కట్టారు.

షోచిమిల్కోలో చినాంపాలు ఇప్పటికీ ఉన్నాయి. 1987లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. కొన్నింటిలో కూరగాయలు, పూలు పండుతున్నాయి, కొన్ని ఫుట్‌బాల్ మైదానాలయ్యాయి. 1970లలో ఇదే నమూనాను తబాస్కో రాష్ట్రపు చిత్తడి నేలల్లోకి తీసుకెళ్లారు. యంత్రాలతో తవ్వితే అడుగునున్న సారం లేని బంకమట్టి పైకి వచ్చింది. సారమున్న పై మట్టి కిందికి పోయింది. స్థానికులను అడగకుండా మొదలుపెట్టిన ఆ ప్రయోగం తొలి ఏళ్లలో చతికిలబడింది. చేత్తో పొరలు పొరలుగా పోసే పనిని యంత్రం ఒక్క పట్టులో చేస్తే వచ్చే తేడా అది.

మొక్కజొన్న వెళ్లింది, సున్నం వెళ్లలేదు

మొక్కజొన్నను నైరుతి మెక్సికోలో తియోసింతే అనే అడవి గడ్డి నుంచి సుమారు 9,000 ఏళ్ల కిందట తయారు చేసుకున్నారు. దాన్ని ఒంటరిగా వేయలేదు. మిల్పా అనే పద్ధతిలో మొక్కజొన్న కాండం మీదికి చిక్కుడు పాకుతుంది, చిక్కుడు వేళ్ల బుడిపెల్లోని రైజోబియం అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, నేల మీద పరుచుకున్న గుమ్మడి ఆకు కలుపును అణచి తేమను కాపాడుతుంది. ఉత్తర అమెరికాలో హోదెనోషోనీ ప్రజలు వీటిని ముగ్గురు అక్కచెల్లెళ్లు అంటారు.

కంచంలోనూ ఆ జోడింపు పనిచేసింది. పైగా గింజలను సున్నపు నీటిలో ఉడికించి, కడిగి, రుబ్బేవారు. అలా చేయకపోతే మొక్కజొన్నలోని నియాసిన్ అనే విటమిన్ చాలావరకు ఒంటికి పట్టదు. కొలంబస్ తరువాత మొక్కజొన్న ఐరోపాకు వెళ్లింది; సున్నం కిటుకు వెళ్లలేదు. ఫలితం పెలాగ్రా: ఎండ తగిలిన చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చలించడం. స్పెయిన్, ఇటలీ పేదలను, తరువాత అమెరికా దక్షిణ రాష్ట్రాలను అది పీడించింది. ఈ కథకు హైదరాబాద్‌లో ఒక కొస ఉంది. జొన్న ప్రధాన ఆహారమైన దక్కన్ పేదల్లోనూ పెలాగ్రా కనిపించడంతో, నేటి జాతీయ పోషకాహార సంస్థలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ఒక వివరణ ఇచ్చారు: జొన్నలో ఎక్కువగా ఉన్న లూసిన్ అనే అమైనో ఆమ్లం నియాసిన్ వాడకానికి అడ్డుపడుతోందని. లూసిన్ పాత్ర ఎంత అన్న దానిపై తరువాత వాదనలు నడిచాయి గానీ, పంటతో పాటు వంట కూడా ప్రయాణించాలన్న సంగతిలో వాదన లేదు.

అడవిలో కనిపించనివి

మాయా రైతులు అడవిని నరికి, కాల్చి, నాలుగేళ్లు సాగు చేసి ముందుకు పోయేవారని చాలాకాలం చెప్పుకున్నారు. మన మన్యంలోని పోడు లాంటిది. అంత పెద్ద నగరాలకు పోడు తిండి చాలదన్న అనుమానంతో వెతికితే, 1970లలో చిత్తడి నేలల్లో కాలువలు, ఎత్తు మడులు బయటపడ్డాయి. ఆ తరువాత విమానపు రాడార్ చూపిన గీతలన్నీ కాలువలేనని అతి చేశారు. నేల మీద చూస్తే కొన్ని సహజమైన పగుళ్లు. 2018లో గ్వాటెమాలా మీద 2,100 చదరపు కిలోమీటర్ల పైచిలుకు లేజర్ సర్వే 60,000కు పైగా కట్టడాలను చూపాక, సాగు విస్తారంగా ఉండేదన్న పక్షానికి బలం వచ్చింది. అమెజాన్ నల్లమట్టిది మరో తగువు. బొగ్గు, ఎముకలు, కుండపెంకులు కలిసిన ఆ సారపు మట్టి కావాలని చేసినదా, ఊరి చెత్త పేరుకుని తయారైనదా? బ్రెజిల్‌లోని నేటి కుయికురో ప్రజలు బూడిద, చెత్త తెలిసే కలిపి అలాంటి మట్టి చేస్తున్నారని 2023లో ఒక అధ్యయనం చూపింది. నది తెచ్చిన సారం అందులో పెద్ద వంతని మరికొందరు.

వదిలేసిన మెట్లను మళ్లీ కట్టాలా

దక్షిణ పెరూలోని కోల్కా లోయలో పాత మెట్లలో సగానికి పైగా బీడు. స్పెయిన్ వాళ్లతో వచ్చిన మశూచి వంటి రోగాలకు జనం కుప్పకూలారు. 1570లలో వైస్రాయ్ తొలేదో మిగిలినవాళ్లను చెదిరిన పల్లెల నుంచి లేపి కొత్త ఊళ్లలో కుదించాడు. పొలానికి వెళ్లి రావడమే ఒక పూట పనయింది. గనులు కొందరిని తీసుకున్నాయి. కొన్ని మెట్లు మాత్రం అంతకు ముందే, నీరు తగ్గి, వదిలేసినవని చెప్పే ఆధారాలూ ఉన్నాయి. 20వ శతాబ్దంలో లిమా నగరం మిగతా యువకులను లాగింది.

కుస్కో ప్రాంతంలో ఆన్ కెండల్ స్థాపించిన కుసిచాకా ట్రస్టు ఊళ్లవాళ్లతో కలిసి పాత కాలువలను, మెట్లను బాగుచేసింది. సిమెంటు బదులు బంకమట్టి, రాయి వాడారు, కదిలే నేలలో సిమెంటు పగులుతుంది కాబట్టి. అది నిలిచింది. కూలి ఖర్చు లెక్క వేసే ఆర్థికవేత్తలు మాత్రం, ఇంత శ్రమతో పండించిన బంగాళాదుంపను లిమా సంతలో ఎవరు ఆ ధరకు కొంటారని అడుగుతారు. ఇద్దరి మాటా నిజమే. పంట కాకుండా నీరు, నేల కోత కూడా లెక్కలోకి వస్తే జవాబు మారుతుంది.

నీటి విషయంలో ఒక కొలత ఉంది. లిమా పైన కొండల్లో హువామంతాంగా అనే ఊళ్లో, వారీ కాలం నాటివని భావించే కాలువలు వానాకాలపు వాగు నీటిని మళ్లించి రాళ్ల వాలులో ఇంకిస్తాయి. వీటిని అమునాలంటారు; కొండంత ఇంకుడు గుంత అనుకోండి. పరిశోధకులు ఎగువన నీటిలో రంగు కలిపి దిగువ ఊటల దగ్గర కాపు కాశారు. 2019లో ప్రచురించిన ఫలితం: నీరు సగటున 45 రోజులు ఆలస్యంగా, కొన్నిచోట్ల ఎనిమిది నెలలకు బయటికి వచ్చింది. ఈ పద్ధతిని కొండలంతా విస్తరిస్తే ఎండాకాలంలో లిమాకు నీరు సగటున 7.5 శాతం, ఎండాకాలం మొదట్లో 33 శాతం దాకా పెరగవచ్చని అంచనా. జలాశయాల బదులు కాదు, వాటితో పాటు. అదే కొండల్లోని సాన్ పెద్రో దె కాస్తాలో ఏటా అక్టోబరులో ఊరంతా కలిసి పూడిక తీస్తారు. చంపేరియా అని పండుగలా చేస్తారు, పాటలుంటాయి, పని లెక్కా ఉంటుంది.